యొర్దాను వెనక వంశధార

విజయనగరం,
18-6-1967

చెల్లెలు జ్ఞానసుందరికి,

నీ నరసింగన్నయ్య బతికే ఉన్నాడు. రెండేళ్ళుగా ఉత్తరం ముక్క లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టు, అందుకు తగినవాణ్ణే. తిట్టడం అయ్యాక మాత్రం ఇది చదువు.

నేనొక పుస్తకం రాస్తున్నాను. ప్రకృతి దృశ్య చిత్రణ చరిత్ర, తెలుగులో. కొండలూ నదులూ ఆకాశమూ బొమ్మల్లోకి ఎప్పుడొచ్చాయి, ఎలా వచ్చాయి అన్నది విషయం. "సెట్లకీ పుట్టలకీ సరిత్రేటి మేస్టారూ!" అని మా కాలేజీ అటెండరు సూరయ్య నవ్వుతున్నాడు.

ఉంది సుందరీ, గమ్మత్తైన చరిత్ర ఉంది. చీనావాళ్ళు వెయ్యేళ్ళ కిందటే సిరాతో కొండలు గీసి, వాటి మధ్య మనిషిని చీమంత చేశారు. యూరపులో అలా కాదు. అక్కడ నది చాలాకాలం వెనకే నిలబడింది. ముందు మరియమ్మ, ఆవిడ వెనక కిటికీ, కిటికీలోంచి వేలెడంత నది. రానురాను కిటికీ పెద్దదైంది, మనుషులు చిన్నవాళ్ళయ్యారు. చివరికి మనుషులు తప్పుకున్నారు, నది ఒక్కటే మిగిలింది.

చిక్కంతా మన దగ్గరే. మన గోడల మీద చెట్టుందంటే దాని కింద కృష్ణుడు ఉండి తీరాలి. నదిని నది కోసమే గీసిన తెలుగువాడు ఎవడు? వెతగ్గా వెతగ్గా నాకు కుంచె పట్టుకోవడం నేర్పిన మీ నాన్నగారు, మా పరంజ్యోతి మేస్టారు, గుర్తొచ్చారు. మేస్టారు బడిలో చేరకముందు డ్రామా తెరలు వేసేవారు కదా. నీకు తెలిసినవన్నీ రాయి, ఏదీ దాచకు.

మీ అన్నయ్య,
నరసింగరావు

రేవువలస, మిషన్ కాంపౌండు,
2-7-1967

నరసింగన్నయ్యకి వందనాలు.

అవసరం పడితే గాని చెల్లెలు గుర్తురాదన్నమాట. పోనీలే. మీ నాన్నగారు ఇక్కడ రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా ఉన్న ఆరేళ్ళూ మా అరుగు మీద పలక పట్టుకుని కూచున్నవాడివి, నీకు కాక ఎవరికి చెబుతాను.

నాన్నకి డెబ్భై దాటాయి. కుడికాలు పట్టేసింది, చెయ్యి బాగానే ఉంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "మన నరసింగడు నన్ను పొత్తకంలోకి ఎక్కిస్తాడా? నానేటి గీసినానని!" అని రెండు రోజులు ముసిముసిగా నవ్వుకున్నాడు.

తెరల సంగతి అడిగావు. ఏ కంపెనీకైనా నాలుగు తెరలు ఉండాలిట. దర్బారు, వీధి, తోట, అడవి. ఒకటే అడవి, ఏ రాజు రాజ్యం పోగొట్టుకున్నా దాని ముందుకొచ్చి ఏడవాల్సిందే. నాన్న అడవికి పేరు. పాతపట్నం అవతల ఒడియా పటాలు గీసేవాళ్ళ దగ్గర ఒక కిటుకు నేర్చుకున్నాడు. కొత్త గుడ్డకి డబ్బుల్లేని కంపెనీవాడు పాత తెర మీదే కొత్త బొమ్మ వెయ్యమనేవాడు. నాన్నకి పాతది చెడగొట్టడం ఇష్టం ఉండేది కాదు. నూనె రంగులతో వేసిన ఆ అడవి మీద చింతపిక్కల జిగురు రెండు పూతలు పట్టించి, ఆరాక దానిమీద కొత్త బొమ్మ వేసేవాడు. ఎన్నాళ్ళకైనా సరే, గోరువెచ్చని నీళ్ళతో తుడిస్తే జిగురు కరిగి పైదంతా ఊడివచ్చేది. కింద అడవి చెక్కుచెదరకుండా ఉండేది. టెక్కలిలో ఒక కంపెనీవాడికి అలా పదకొండేళ్ళ తరవాత అడవి తిరిగొచ్చిందిట. ఇది నీ పుస్తకంలో తప్పకుండా వెయ్యి.

ఆ తెరలన్నీ చెదలు తినేశాయి. మిగిలింది మిషన్ గుడిలో యొర్దాను గోడ ఒక్కటే. నీకు గుర్తుండాలి. ఎండాకాలం వంశధారలో మోకాలి లోతు నీళ్ళు కూడా ఉండవు కనక బాప్తిస్మాలకి వేదిక కింద తొట్టి కట్టించారు. మునిగేవాళ్ళకి యేసుప్రభువు మునిగిన నది కళ్ళముందు ఉండాలని, తొట్టి వెనక గోడ నిండా యొర్దాను నదిని వెయ్యమన్నారు అప్పటి మిషన్ దొరగారు. ముప్పైయెనిమిదిలో నాన్న తెరల నూనె రంగులతోనే వేశాడు. ఆదివారం ఆదివారం దాని ఎదురుగా మొదటి బల్ల మీద కూచుంటాడు. ఆరాధన కంటే దాన్నే ఎక్కువ చూస్తాడని నా అనుమానం.

నీ చెల్లెలు,
సుందరి

విజయనగరం,
20-8-1967

సుందరికి,

నీ ఉత్తరం బంగారం. చింతపిక్కలూ జిగుర్లూ వంటింటి వ్యవహారం, అవి పుస్తకానికి పనికిరావు, ఆ పేరా గబగబా దాటేశాను. పాఠకుడికి కావలసింది చిత్రకారుడి చూపు. ఆ గోడ మాత్రం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఒక్క అనుమానం. దొరగారు విలాయతీ బొమ్మ ఏదో ఇచ్చి దీనికి నకలు దించమని ఉంటారు కదా? ఇక్కడి మిత్రులు అదే అంటున్నారు. "మిషన్ గోడల మీద ఉన్నవన్నీ నకళ్ళేనయ్యా, మీ మేస్టారు మంచి పనివాడు, అంతే" అన్నారు. నకలైతే చరిత్రలో దానికి చోటు లేదు. నిజం రాయి. మేస్టారి మీద గౌరవం ఎక్కడికీ పోదు.

నరసింగరావు

రేవువలస,
3-9-1967

అన్నయ్యకి,

పనివాడా? నీ మిత్రుల నాలుకలకి నరం లేదు. నీకూ లేదు, ఆ మాట మోసుకొచ్చి నాకు రాశావు.

అది నకలు కాదు. ఇంతకాలం నేనూ నాన్నా తప్ప మూడో మనిషికి తెలియని సంగతి చెబుతున్నాను. కోపంలో చెబుతున్నానేమో, రేపు ఏడుస్తానేమో, అయినా చెబుతున్నాను.

దొరగారు బొమ్మ ఇచ్చిన మాట నిజం. నాన్న దాన్ని తిరగేసి గోడకి ఆనించి పెట్టాడు. "నాను ఆ నదిని సూడ్నేదు. సూడందాన్ని ఎలాగ గీస్తాను?" అన్నాడుట. పెన్సిలూ పుస్తకమూ పట్టుకుని వంశధార ఒడ్డుకి పోయాడు. తాటితోపు దగ్గర ఇసక మేట మీద నెల్లాళ్ళు కూచున్నాడు. ఆ గోడ మీద ఉన్నది మన వంశధార. ఆ కొండలు మన కొండలు. నది వంపు తిరిగేచోట, చెట్ల పైన, బొటనవేలంత గుడి కనిపిస్తుంది చూడు, అది శ్రీముఖలింగం.

సంఘమంతా దాన్ని యెరూషలేము దేవాలయం అనుకుంటుంది. దొరగారు దాన్ని చూపించి ప్రసంగాలు చేశారు. పక్కింటి లీలారాణి పెద్దమ్మ అయితే దాన్ని చూస్తూ ప్రతి ఆదివారం కళ్ళొత్తుకుంటుంది.

ఎందుకు వేశావు నాన్నా అని నా పదిహేనో ఏట అడిగాను. "మా అయ్య కాలంలో మనల్ని ఏ గుడి గడపా తొక్కనిచ్చీవోరు కాదమ్మా. నాను సిన్నప్పుడు దాన్ని ఏటికి ఈవల ఉండి సూసినాను. అంత దూరం నుంచి అది ఎంత బాగుంటాదో లోపలికెళ్ళినోడికి తెల్దు" అన్నాడు. భక్తీ కాదు, పగా కాదు. తనని నిలబడనిచ్చిన చోటు నుంచి కనిపించినంతా గీశాడు. నీ చరిత్రలో ఇలాంటివాడు ఇంకొకడు ఉన్నాడా?

ఇది నీ ఒక్కడికే. పుస్తకంలో అచ్చయిందా, బాప్తిస్మపు తొట్టి వెనక గుడి వేశాడని నాన్నని సంఘం వెలివేస్తుంది. ఆయనకి ఉన్నదల్లా ఆ మొదటి బల్ల మీద చోటే. నకలు కాదని తెలుసుకో, ఊరుకో. మాట ఇవ్వు.

సుందరి

విజయనగరం,
15-9-1967

చెల్లాయికి,

ఉత్తరం మూడుసార్లు చదివాను. మేస్టారి కాళ్ళు కడిగి నెత్తిన జల్లుకోవాలనిపించింది.

మాట ఇస్తున్నాను. మేస్టారు నా చేతిలో పెట్టిన మొదటి కుంచె మీద ఒట్టు. ఈ సంగతి నాతోనే ఉంటుంది. క్రిస్మస్ సెలవుల్లో వస్తాను. గోడని ఒక్క ఫొటో తీసుకుంటాను, నేను చూసుకోడానికే.

నరసింగన్నయ్య

రేవువలస,
9-1-1968

అన్నయ్యకి,

నువ్వు వచ్చి వెళ్ళిన మూడు రోజులూ నాన్న కాలు నొప్పి అన్న మాటే ఎత్తలేదు. నీకోసం చేపలమ్మే అసిరమ్మ చేత రొయ్యలు తెప్పించాడు. తన పక్కన కూచుని గోడకేసి చూస్తూ నువ్వు చిన్నపిల్లాడిలా ఏడ్చావని చెప్పుకుని మురిసిపోతున్నాడు. "సూసీవోడు వొచ్చినాడమ్మా ఇన్నాళ్ళకి" అన్నాడు. నీకు చెప్పేసినందుకు నన్ను ఒక్క మాట అనలేదు.

నాన్న పెన్సిలు పుస్తకం, ఇసక మేట మీద గీసుకున్నది, నెల్లాళ్ళలో పంపుతానని పట్టుకెళ్ళావు. మరిచిపోకు. రాత్రి పడుకునే ముందు దాన్ని తడుముకునే అలవాటు ఆయనకి.

సుందరి

విజయనగరం,
24-11-1968

సుందరికి,

ఆలస్యానికి క్షమించు. పుస్తకం అచ్చులో ఉంది. కాగితం దొరకడం లేదు, ప్రూఫులు దిద్ది దిద్ది కళ్ళు పోతున్నాయి. మీ వైపు కొండల్లో గొడవలకి బస్సులు సరిగా నడవడం లేదని విన్నాను, అందుకే పెన్సిలు పుస్తకం పోస్టులో పంపడానికి భయపడి ఆగాను. నేనే తెచ్చి ఇస్తాను.

చివరి అధ్యాయం కొంచెం మార్చవలసి వచ్చింది. కలిసినప్పుడు చెబుతాను. మేస్టారికి నమస్కారాలు.

నరసింగరావు

రేవువలస,
17-3-1969

నరసింగరావు గారికి,

మీ పుస్తకం వచ్చింది. మీరు పంపలేదు. మా సంఘపెద్ద జీవరత్నం గారు శ్రీకాకుళంలో కొని, ఆదివారం ఆరాధన అయ్యాక సంచిలోంచి తీసి, మూడు వందల తొంభై రెండో పేజీ పైకి చదివారు. పక్క పేజీలో గోడ ఫొటో. దాని కింద నాన్న పెన్సిలు బొమ్మ, మూలన ఆయన చేత్తో రాసుకున్న "ముఖలింగం, ఏటి ఇవతల నుంచి" అన్న మాటతో సహా. అబద్ధమని బొంకడానికి కూడా మాకు సందు లేకుండా చేశారు.

"యొర్దాను ముసుగులో ఒక తెలుగు నదిని దాచిన ఈ సాహసి" అని రాశారు. మూడు దశాబ్దాలు దాగిన రహస్యాన్ని మీరు "కనుగొన్నారు" అని కూడా రాశారు. నేను చెప్పలేదన్నమాట. మీరే కనుక్కున్నారు.

జీవరత్నం గారు చెడ్డవారు కాదు. "ఏటి మేస్టారూ, ఇది నిజమేనా? కాదని ఒక్క మాట అనండి, ఈ పొత్తకం ఇక్కడే సింపేస్తాను" అన్నారు. ఆ బొమ్మ పక్కనే ఉన్నా, నాన్న కాదంటే ఆయన నమ్మేసేవారు. నేను నాన్న చెయ్యి గట్టిగా నొక్కాను. ఆయన కర్ర ఊతంతో లేచాడు.

"రాసినోడు అబద్దం రాయనేదు బాబూ. నాను యొర్దాను సూడ్నేదు. సూసిన నదే గీసినాను."

అప్పుడు లీలారాణి పెద్దమ్మ లేచింది. "ముప్పై ఏళ్ళు దాన్ని సూసి ఏడిసినాను పరంజ్యోతీ. నా కొడుకు పోయినప్పుడు దేవుడి దగ్గర, ఆ యెరూషలేము ఊళ్ళోనే ఉన్నాడనుకున్నాను. మరి నాను ఎవురి ఊరు సూసి ఏడిసినట్టు? ఒక్కసారి సెప్పవలసింది కాదా?" అంది. నాన్న తలెత్తలేదు. నమ్మినందుకు మీరు నాకు చేసిందే, నాన్న ఆవిడకి చేశాడు. ఆ సంగతి నాకిన్నాళ్ళూ తట్టనే లేదు.

తీర్పు చెప్పారు. ఈస్టరు లోపల గోడకి సున్నం వెయ్యాలి. నాన్నకి ప్రభురాత్రి భోజనపు రొట్టెలో పాలు లేదు. తప్పు ఒప్పుకునేదాకా చివరి బల్ల మీద కూచోవాలి. అక్కణ్ణుంచి ఆయన కళ్ళకి గోడ ఆనదు.

మాట ఇచ్చారు. కుంచె మీద ఒట్టు వేశారు. ఎందుకు చేశారు? నాకు చరిత్ర వద్దు, కారణం కావాలి.

పి. జ్ఞానసుందరి

విజయనగరం,
22-3-1969

సుందరీ,

గారు అనకు. కొట్టు, తిట్టు, గారు మాత్రం అనకు.

కారణం అడిగావు. చెబుతాను, సిగ్గు విడిచి. ప్రచురణకర్త రాతప్రతి చదివి, "ఇదంతా ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్నదే కదండీ, మీదంటూ ఏముంది?" అన్నాడు. నాలుగు వందల పేజీలు తిరగేశాను. ఏమీ లేదు సుందరీ. ఒక్క వాక్యం కూడా నాది లేదు. నాకు చెందినది ఒక్కటే ఉంది, అదీ నీది. ఆ రాత్రి కూచుని ఆ పేజీ రాసేశాను. రేవువలసలో ఈ పుస్తకం ఎవరు చదువుతారులే అనుకున్నాను.

అయినా ఒకటి ఆలోచించు. సంఘం సున్నం వేస్తుంది, కాలం గోడనే కూల్చేస్తుంది. పుస్తకం వల్ల మేస్టారి పేరు నిలుస్తుంది. చరిత్ర ఒకరి ఇంటి సొత్తు కాదు.

నన్ను దిద్దుకోనీ. రెండో ముద్రణకి వేస్తున్నారు. ఆ పేజీ కింద ఏం రాయాలో నువ్వే చెప్పు, అక్షరం పొల్లు పోకుండా వేయిస్తాను.

మీ అన్నయ్య

రేవువలస,
7-4-1969

నరసింగన్నా,

ఈ ఉత్తరం నా పెట్టెలో అడుగున పడేస్తాను, టపాలో కాదు. ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలేలా ఉంది. చెప్పుకోడానికి చిన్నప్పట్నించీ నాకు అలవాటైన మనిషివి నువ్వే. అలవాటు చావలేదు, ఏం చెయ్యను.

సున్నం వెయ్యడానికి గంగులుని పిలుస్తామన్నారు. నాన్న ఒప్పుకోలేదు. "నా సేత్తో గీసినాను, నా సేత్తోనే మూస్తాను" అన్నాడు. జీవరత్నం గారు కళ్ళు తుడుచుకుని సరే అన్నారు. ఇంటికి రాగానే నాన్న నన్ను పిలిచి, చింతపిక్కలు ఎన్నున్నాయి అని అడిగాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. వంటింటి వ్యవహారం అని నువ్వు దాటేసిన పేరా గుర్తుందా? ఉండదు. చదివితే కదా.

రుబ్బురోలు చప్పుడుకి లీలారాణి పెద్దమ్మ వచ్చింది. మూడు వారాలుగా మా గుమ్మం తొక్కలేదు. పిక్కలు చూసింది, నాన్నని చూసింది. నాన్న తెరలు వేసిన రోజుల్నించీ పక్కింట్లో ఉన్న మనిషి, ఆ కిటుకు ఆవిడకి తెలుసు. నా చేతిలోంచి పొత్రం లాక్కుని తను రుబ్బడం మొదలెట్టింది.

"ఈ జిగురు ఎన్నాళ్ళుంటాది?"

"నీళ్ళు తగిలీదాకా ఉంటాది" అన్నాడు నాన్న.

"అయితే నాను పోయినాక కడగండి. నాను బతికున్నన్నాళ్ళు అది యెరూషలేమే."

శనివారం పగలు వేశాం. గోడ పొడి రాలుతోంది, జిగురు పూస్తే సున్నం పడుతుందని పెద్దలకి చెప్పాం. పైభాగం నేను నిచ్చెనెక్కి పూశాను, కింది భాగం నాన్న స్టూలు మీద కూచుని. ముఖలింగం గుడి దగ్గరికొచ్చేసరికి ఆయన నన్ను దిగమన్నాడు. నా భుజం పట్టుకుని నిలబడి, ఆ బొటనవేలంత మేర రెండు పూతలు కాదు, నాలుగు పూశాడు. జిగురు ఆరాక సున్నం వేశాం. సాయంత్రానికి గోడ తెల్లగా ఉంది. నిన్న ఈస్టరు. నాన్న చివరి బల్ల మీద కూచున్నాడు. రొట్టె పళ్ళెం ఆయన ముందు నుంచి వెళ్ళిపోతుంటే ఆ తెల్లగోడకేసే చూశాడు. అంత దూరం నుంచి ఆయనకేమీ కనిపించదు. నేను మాత్రం ఆయన మొహం చూశాను. ఏటికి ఇవతల నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు.

నీకు చెబితే నీ మనసు తేలికపడుతుంది. నిద్ర పడుతుంది. ఆ తరవాత మూడో ముద్రణలో రాస్తావు.

అందుకే చెప్పను.

సుందరి

(పోస్టు కార్డు)
రేవువలస,
8-4-1969

నరసింగరావు గారికి,

గోడకి సున్నం వేశారు. నాన్న కులాసా. ఆయన పెన్సిలు పుస్తకం రిజిస్టరు పోస్టులో పంపండి, మీరు రానక్కర్లేదు.

రెండో ముద్రణలో ఆ పేజీ కింద ఏం రాయాలని అడిగారు. "ఈ చిత్రం ఇప్పుడు లేదు" అని వేయించండి. అక్షరం పొల్లు పోకుండా.

పి. జ్ఞానసుందరి,
డ్రాయింగు టీచరు